కళ్ళు తెరిచిన ఫొటో

ఫోన్‌లో ముందు అడిగింది రేటు కాదు,
"ఇంటికొస్తారా, మేమే రావాలా?"

మూడు లాంతర్ల దగ్గర మేడ మీద మా స్టూడియో.
పందొమ్మిది మెట్లు.
కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న మనిషికి
ఒక్కో మెట్టూ ఒక కొండ.

అందరికీ చెప్పేదే ఝాన్సీకీ చెప్పాను.
స్టూడియోలో హీటరుంది, బుట్టలున్నాయి,
చెవులున్న ఉన్ని టోపీలున్నాయి,
ముసురు పట్టినా వెలుతురు నా చెప్పుచేతల్లో ఉంటుంది.
ఇంట్లో అయితే పాపకి తెలిసిన పక్క,
నువ్వు మంచం దిగక్కర్లేదు.
వెలుతురంటావా, మీ కిటికీ దయ.

"ఇంటికే రండి" అంది.
వెనక నుంచి ఇంకో గొంతు,
"ఇంటికొద్దు. ఇంటికొద్దని సెప్పు."

ఆ గొంతు నాకు కొత్త కాదు.
మా నాన్న కూర్మారావు రోజుల్లో
బతికున్నవాళ్ళు స్టూడియోకి వచ్చేవారు.
పౌడరు అద్దుకుని, దువ్వెన అడిగి,
తెర మీద గీసిన మేడ ముందు
ఊపిరి బిగబట్టి నిలబడేవారు.
ఇంటికి రమ్మని కబురొస్తే మాత్రం
నాన్న చెప్పులేసుకుంటూ అమ్మ వైపు చూసేవాడు.
అమ్మ పొయ్యి మీద నీళ్ళు పడేసేది.

ఆ ఫొటోల్లో అందరివీ మూసిన కళ్ళే.
కుర్చీ వెనక నుంచి పట్టుకున్న చేతుల్ని
నాన్న చీకటిగదిలో చెరిపేసేవాడు.
మరీ బతిమాలితే
రెప్పల మీద సన్న కుంచెతో
కనుపాపలు దిద్దేవాడు.

నెల్లిమర్ల. జూట్ మిల్లు వెనక వీధి.
స్కూటీ మీద హీటరు, దుప్పట్లు,
హుష్ హుష్ మనే చిన్న డబ్బా.
గుమ్మంలో తవిటమ్మ, అడ్డంగా.
"కూర్మారావు కూతురివేటి?"
"అవునమ్మా."
"మీ అయ్య ఓపాలి వచ్చినాడు."
గోడ చూపించింది.
కుర్చీలో ఆమె పెనిమిటి. తలపాగా.
ఎడమ కనుపాప కాస్త పైకి జారింది.
నాన్న కుంచె. గుర్తుపట్టాను, ఏమీ అనలేదు.

పాప వయసు పదకొండు రోజులు.
ఈ పనిలో నిద్రే బంగారం మాకు.
నిద్రలో కాళ్ళు కడుపులో ఉన్నట్టే ముడుచుకుంటాయి,
గడ్డం కింద చేతులు పెడితే
పెట్టిన చోటే ఉంటాయి.
చుట్టాను. పెట్టాను. కెమెరా ఎత్తాను.

"లేపు."
"నిద్రలోనే బాగుంటుందమ్మా, అందరూ ఇలాగే..."
"అందరి సంగతీ నాకు తెల్దు.
ఈ కొంపలో కళ్ళు మూసిన ఫొటో ఒకటుంది.
రెండోది నాకొద్దు."

పడుకున్న పసిగుడ్డుని ఎవరు లేపుతారు?
కూర్చున్నాం.
వెల్లుల్లి కారం వేగిన వాసన.
టీ వచ్చింది, గ్లాసు అంచుల దాకా.
స్టేషను వైపు రైలు కూత పెట్టింది, లేవలేదు.
కరెంటు పోయింది, హీటరు ఆగింది, లేవలేదు.
తవిటమ్మ కాసేపు మనవరాల్నీ
కాసేపు గోడనీ చూసింది.
పెళ్ళికి ఫొటో తీయించుకోలేదట,
స్టూడియోకి రూపాయలెక్కడివి అంది.
చచ్చిపోయాక మాత్రం
మిల్లు కూలీలు చందా ఏసినారంట.

గంటన్నరకి
నా తెల్ల దుప్పటి తడిపి, పాలపుంత మీద నా చొక్కా తడిపి
పళ్ళు లేని నోరంతా తెరిచి ఏడ్చింది పిల్ల.
ఏడుపులో కళ్ళు మరీ గట్టిగా మూసింది!
"అయ్యో, అయ్యో" అని తవిటమ్మే నవ్వింది.
ఝాన్సీ పాలిచ్చింది.
అప్పుడు, పాలు నిండిన మత్తులో,
కిటికీ వైపు తిరిగి
ఎవరినీ కాని చూపొకటి చూసింది.
కనుపాపలో కందిగింజంత కిటికీ.
ఒక్కటే తీయగలిగాను.
ఫోకస్ కొంచెం తప్పింది.

"సాలు" అంది తవిటమ్మ,
కెమెరా అద్దం మీద వేలు పెట్టి,
ఆ రెండు కళ్ళ మీదా.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను.
సంచి దించేసరికే అమ్మ నీళ్ళు కాచి ఉంచింది.
"ఇంటికెళ్ళొచ్చావుగా" అంది.
ఏం చెప్పాలో తెలియక
చొక్కా మీద మరక చూపించాను.
ముక్కు దగ్గర పెట్టుకుంది, చాలాసేపు.
ఆ నీళ్ళలోనే
చొక్కా నానబెట్టింది.